టైటాన్లు, గిగాంట్లు, వికృత జీవులు: గ్రీకు పురాణాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారు?

మీరు అడిగినవి ముఖ్యంగా మూడు ప్రశ్నలు. టైటాన్లు, గిగాంట్లు, సైక్లోప్స్ అంతా ఒకటేనా, వేరువేరా? మెడూసా, హైడ్రా, సెర్బెరస్ లాంటి వికృత జీవులు ఎవరి సంతానం, దేవుళ్ళకూ వాటికీ సంబంధం ఏమిటి? భూమి తల్లి గయా ఒకచోట దేవుళ్ళ రాజు జ్యూస్‌ను కాపాడుతుంది, ఇంకోచోట అతని మీదికే వికృతాకారుడు టైఫోన్‌ను కంటుంది, మరి ఆవిడ ఎవరి పక్షం? చాలా ఏళ్ళుగా ఈ కావ్యాలు చదువుతూ, చదవాలనుకునేవాళ్ళకు చెబుతూ వస్తున్నాను. మూడో ప్రశ్న తేలితే మొదటి రెండూ వాటంతటవే తేలిపోతాయని నా అనుభవం. అందుకని గయా దగ్గర్నుంచే చెబుతాను.

గ్రీకులకు అందరూ ఒప్పుకున్న ఒకే పురాణ గ్రంథం అంటూ లేదు. కవికో కథ, ఊరికో కథ. అయినా దేవుళ్ళ వంశవృక్షానికి అందరూ ఆనవాలుగా పెట్టుకున్నది క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియోడ్ రాసిన ‘థియోగొనీ’. వెయ్యి పాదాల పైచిలుకు కావ్యం. ఆయనది బొయోషియాలో హెలికాన్ కొండ దగ్గరి ఆస్క్రా అనే పల్లె. తండ్రి పోయాక పొలం పంచుకున్నప్పుడు తమ్ముడు పెర్సెస్ లంచగొండి దొరలను మంచి చేసుకుని ఎక్కువ లాగేసుకున్నాడని తన రెండో కావ్యం ‘పనులు, రోజులు’లో ఆయనే వాపోతాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దేవుళ్ళ కథను కూడా ఈ కవి పంపకాల తగాదాలాగే చెప్పాడు. ఎవరికి ఎంత వాటా దక్కింది, ఎవరిని వాటా లేకుండా తోసేశారు అన్నదే ఆ కావ్యం నడక అంతా.

మొదట శూన్యం, ఆ తర్వాత గయా. ఆమె ఎవరి తోడూ లేకుండా ఆకాశాన్ని, కొండలను, సముద్రాన్ని కంది. తర్వాత తాను కన్న ఆకాశంతోనే, అంటే ఉరానోస్‌తోనే, కాపురం చేసి మూడు విడతల సంతానం పొందింది. మొదటి విడత పన్నెండు మంది టైటాన్లు: ఆరుగురు మగ, ఆరుగురు ఆడ. రెండో విడత ముగ్గురు సైక్లోప్స్: బ్రోంటెస్, స్టెరోపెస్, ఆర్గెస్. నుదుట ఒకే కన్ను ఉంటుందనే తప్ప మిగతా అంతా దేవుళ్ళలాగే ఉంటారంటాడు హెసియోడ్. మూడో విడత కోటస్, బ్రియారియోస్, గైగెస్. ఒక్కొక్కరికి వంద చేతులు, యాభై తలలు.

మీ మొదటి ప్రశ్నలో సగానికి జవాబు ఇక్కడే ఉంది. టైటాన్లు రాక్షసులు కాదు, దేవుళ్ళే. జ్యూస్ తరానికి ముందు తరం దేవుళ్ళు. హైపెరియన్, థేయాల పిల్లలే సూర్యుడు, చంద్రుడు, ఉషస్సు. థెమిస్ న్యాయానికి రూపం. నెమొసినీ జ్ఞాపకశక్తికి రూపం, కళలకు అధిదేవతలైన తొమ్మిది మంది మ్యూజ్‌లకు తల్లి. ఇప్పటి వీడియో గేముల్లో టైటాన్ అనగానే కొండంత ఆకారం చూపిస్తున్నారు. హెసియోడ్‌లో అలాంటి వర్ణనే లేదు.

ఈ పిల్లలంటే ఉరానోస్‌కు మొదటినుంచీ ద్వేషం. పుట్టినవాళ్ళను పుట్టినట్టే తల్లి కడుపులోకే నెట్టేసి, వెలుతురు చూడనివ్వలేదు. గయా లోపల కిక్కిరిసిపోయి మూలిగింది. చివరికి వజ్రంలా గట్టిదైన లోహాన్ని పుట్టించి, దాంతో పెద్ద కొడవలి చేసి, మీ నాన్న చేసిన పాపానికి బదులు తీర్చేవాళ్ళెవరని పిల్లలనడిగింది. అందరూ బెదిరిపోతే ఆఖరివాడు క్రోనోస్ ఒక్కడే సరేనన్నాడు. రాత్రి ఉరానోస్ భూమి మీదికి ఒరిగిన వేళ మాటు వేసి, తండ్రి పురుషాంగాన్ని కోసి సముద్రంలో పారేశాడు.

ఆ గాయం నుంచి ఏమేం పుట్టాయో చూడండి. నేల మీద పడ్డ రక్తపు చుక్కలను గయా గర్భంలో దాచుకుంది. ఏళ్ళు గడిచాక వాటి నుంచి రక్త సంబంధాల్లో జరిగే పాపాలకు పగ తీర్చే ఎరినీస్ దేవతలు, మెరిసే కవచాలతో, చేతుల్లో పొడవాటి ఈటెలతో గిగాంట్లు, మెలియాయ్ అనే వనదేవతలు పుట్టారు. సముద్రంలో పడ్డ ముక్క చుట్టూ లేచిన నురగలోంచి అఫ్రొడైటి పుట్టి సైప్రస్ ఒడ్డున అడుగుపెట్టింది. ప్రేమకు దేవత అయిన అఫ్రొడైటికీ, దేవుళ్ళతో యుద్ధం చేయబోయే గిగాంట్లకూ పుట్టుక ఒక్కటే. ఒకే దెబ్బ, ఒకే రక్తం. గ్రీకు పురాణాల్లో దేవజాతి వేరు, దుష్టజాతి వేరు అని ఎక్కడా గీత గీయలేమని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు కనబడదు.

కాబట్టి గిగాంట్లు అంటే టైటాన్లకు వరసకు తమ్ముళ్ళు. హెసియోడ్ వాళ్ళను బలిష్ఠులనే అన్నాడు కానీ కొండలంత ఎత్తని అనలేదు. పుణ్యక్షేత్రమైన డెల్ఫీలో క్రీ.పూ. 525 ప్రాంతంలో సిఫ్నోస్ ద్వీపంవాళ్ళు కట్టించిన ఖజానా మీద దేవ-గిగాంట్ల యుద్ధం చెక్కి ఉంది. అందులో గిగాంట్లు శిరస్త్రాణం, డాలు పట్టుకున్న మామూలు గ్రీకు కాల్బలం సైనికుల్లాగే ఉంటారు. కాళ్ళ బదులు పాములుండటం తర్వాతి కాలపు శిల్పుల పని.

క్రోనోస్ రాజయ్యాడు, తండ్రి చేసిన తప్పే చేశాడు. కొడుకు చేతిలో పదవి పోతుందని గయా, ఉరానోస్‌లు ముందే చెప్పడంతో హెస్టియా, డిమీటర్, హేరా, హేడీస్, పోసైడన్‌లను పుట్టినవాళ్ళను పుట్టినట్టు మింగేశాడు. తండ్రి పిల్లలను భార్య కడుపులో దాచాడు, కొడుకు తన కడుపులోనే దాచుకున్నాడు. క్రోనోస్ భార్య రియా గోడు విని గయా ఆరోవాడైన జ్యూస్‌ను క్రీట్ గుహలో దాచి పెంచింది. క్రోనోస్‌కు గుడ్డలో చుట్టిన రాయి అందింది. తర్వాత కక్కినప్పుడు ముందు ఆ రాయే బయటపడింది, జ్యూస్ దాన్ని డెల్ఫీలో నాటాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసు అంతా తిరిగి చూసినవి రాసిపెట్టిన పౌసానియాస్ ఆ రాయిని చూపించారని చెబుతాడు. అంత పెద్దదేం కాదట. రోజూ దాని మీద ఆలివ్ నూనె పోస్తారు, పండగలప్పుడు వడకని ఉన్ని కప్పుతారు.

తర్వాత పదేళ్ళ యుద్ధం. ఓత్రిస్ కొండ మీద టైటాన్లు, ఒలింపస్ మీద జ్యూస్, అతని తోబుట్టువులు. జ్యూస్ గొప్పతనం నా దృష్టిలో పిడుగులో లేదు, యుద్ధానికి ముందు ఆడిన మాటలో ఉంది. తన పక్షాన నిలిచేవాళ్ళెవరైనా సరే వాళ్ళకు ఇప్పుడున్న గౌరవం పోదు, క్రోనోస్ కాలంలో ఏ గౌరవం దక్కనివాళ్ళకు న్యాయమైన వాటా ఇస్తాను అన్నాడు. ఆ మాట విని మొట్టమొదట వచ్చింది స్టిక్స్, పాతాళ నది. టైటాన్ ఓషియానస్ పెద్ద కూతురు. జయం, బలం, శక్తి, స్పర్ధ అనే నలుగురు పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చింది. అందుకే దేవుళ్ళు ప్రమాణం చేసేది ఆమె నీళ్ళ మీద. ఓషియానస్ యుద్ధంలోకి రాలేదు, అతనికీ ఏమీ కాలేదు. థెమిస్‌ను జ్యూస్ తానే పెళ్ళి చేసుకున్నాడు. టైటాన్లందరూ ఓడి ఖైదయ్యారు అనుకోవడం తప్పు. ఎదురు తిరిగినవాళ్ళే లోపలికి వెళ్ళారు.

యుద్ధం ఎటూ తేలకపోతే మళ్ళీ గయాయే సలహా ఇచ్చింది: వంద చేతులవాళ్ళను విడిపించు. వాళ్ళను ఉరానోస్ బంధించాడు, క్రోనోస్ కాలంలోనూ విడుదల కాలేదు. జ్యూస్ వాళ్ళను వెలుతురులోకి తెచ్చి, దేవుళ్ళు తినే అమృతాహారమే ముందు పెట్టి, ఆ తర్వాతే సాయం అడిగాడు. అంతకుముందే విడుదలైన సైక్లోప్స్ కృతజ్ఞతగా అతనికి పిడుగు ఇచ్చారు. ముగ్గురు వంద చేతులవాళ్ళు ఒకేసారి మూడు వందల బండలు విసిరితే టైటాన్ల మీద నీడ కమ్మింది. ఓడినవాళ్ళను భూమి అడుగున ఉన్న చీకటి ఖైదు టార్టరస్‌లో పడేశారు. ఆకాశం నుంచి కంచు దాగలి వదిలితే తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు పడుతూ పదో రోజుకు భూమి చేరుతుందట. భూమి నుంచి టార్టరస్‌కు మళ్ళీ అంతే లోతు.

ఇప్పుడు ఎవరెక్కడున్నారో చూడండి. అందమైన ఆకారాలున్న టైటాన్లు ఖైదులో ఉన్నారు. యాభై తలలవాళ్ళు ఆ ఖైదుకు కాపలాగా ఉన్నారు. బ్రియారియోస్‌కైతే పోసైడన్ తన కూతురు కిమొపొలియాను ఇచ్చి పెళ్ళి చేశాడు. హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి సర్గలో ఇంకో కథ ఉంది. ఒకసారి హేరా, పోసైడన్, ఎథీనా ముగ్గురూ కుమ్మక్కై జ్యూస్‌ను కట్టేయబోయారు. సముద్ర దేవత థెటిస్ పరుగున వెళ్ళి బ్రియారియోస్‌ను ఒలింపస్‌కు పిలుచుకొచ్చింది. అతను ఏమీ చేయలేదు, వచ్చి జ్యూస్ పక్కన దర్జాగా కూర్చున్నాడు. అంతే, ముగ్గురూ వెనక్కి తగ్గారు. కుట్ర చేసింది సొంత భార్య, సొంత తమ్ముడు... కాదు, హెసియోడ్ లెక్కన అన్న, సొంత కూతురు. కాపాడింది వంద చేతులవాడు. ఆకారాన్ని బట్టి ఎవరు ఏ పక్షమో చెప్పడం కుదరదు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. వికృత జీవుల్లో ఎక్కువమంది గయా రెండో శాఖవాళ్ళు, అంటే సముద్రం పోంటస్ వల్ల కలిగిన సంతతి. పోంటస్ పెద్ద కొడుకు నెరియస్, అబద్ధం ఎరగని మంచి ముసలాయన. అతని తమ్ముడు థౌమాస్ పిల్లల్లో ఒకరు ఇంద్రధనుస్సు ఐరిస్, దేవుళ్ళ దూత. ఆమె సొంత చెల్లెళ్ళు హార్పీలు, మనుషులను ఎత్తుకుపోయే గాలి పక్షులు. ఇంకో తమ్ముడు ఫోర్కిస్, చెల్లెలు కీటోను పెళ్ళాడాడు. వాళ్ళ పిల్లలు పుట్టుకతోనే జుట్టు నెరిసిన గ్రాయాయ్, భయంకర ముఖాల ముగ్గురు గోర్గన్లు. ఆ ముగ్గురిలో మెడూసా ఒక్కతే మరణం ఉన్నది.

మెడూసా గురించి నన్ను ఎక్కువమంది అడిగేది, అందమైన అమ్మాయిని ఎథీనా శపించింది కదా అని. ఆ కథ రోమన్ కవి ఓవిడ్‌ది, క్రీ.శ. 8 ప్రాంతంది. హెసియోడ్‌కు ఏడు వందల ఏళ్ళ తర్వాతి మాట. హెసియోడ్‌లో శాపం లేదు, పుట్టుకతోనే గోర్గన్. పచ్చిక బయల్లో, వసంత కాలపు పూల మధ్య పోసైడన్ ఆమెతో శయనించాడని రెండు పాదాల్లో చెప్పి ఊరుకుంటాడు. పర్సియస్ అనే వీరుడు ఆమె తల నరికినప్పుడు మెడలోంచి క్రిసావోర్ అనే వీరుడు, పెగాసస్ అనే రెక్కల గుర్రం బయటికి దూకారు. కోర్ఫూ ద్వీపంలో క్రీ.పూ. 580 ప్రాంతపు ఆర్టెమిస్ గుడి ముఖభాగం మీద ఉన్న మెడూసాను చూడండి, బొమ్మలు సులభంగానే దొరుకుతాయి. గుండ్రటి ముఖం, వెడల్పుగా తెరిచిన నోరు, బయటికి చాచిన నాలుక, నడుముకు వడ్డాణంలా ముడివేసుకున్న రెండు పాములు, పరుగెత్తుతున్నట్టు ఒక మోకాలు వంచి. ఆమెకు చెరోపక్క పెగాసస్, క్రిసావోర్. కథ ప్రకారం ఆమె చచ్చాక పుట్టాల్సిన పిల్లలు ఆమె బతికుండగానే పక్కన ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను ఓడిపోయిన జంతువుగా చూడలేదు, గుడి ద్వారానికి పైన నిలబెట్టి చెడును తరిమే కాపలాగా, తల్లిగా చూశారు.

ఆ వంశంలోదే ఎకిడ్నా కూడా. నడుము దాకా చక్కని కళ్ళున్న యువతి, కింద చారల పాము, గుహలో పచ్చిమాంసం తింటూ ఉంటుంది. ఆమె భర్త టైఫోన్. వాళ్ళ పిల్లలు రెండు తలల కుక్క ఆర్థస్, యమలోకం వాకిట సెర్బెరస్, లెర్నా చిత్తడిలో హైడ్రా. మేక, సింహం, పాము కలిసిన కైమీరా, స్ఫింక్స్, నెమియా సింహం కూడా ఆ ఇంటివే, అయితే హెసియోడ్ సర్వనామాలు వాడిన తీరువల్ల వీటి తల్లి ఎవరన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సెర్బెరస్‌కు మూడు తలలని బొమ్మల్లో చూస్తాం కానీ థియోగొనీలో యాభై.

హైడ్రాను, నెమియా సింహాన్ని పెంచి పెద్ద చేసింది హేరా అని హెసియోడ్ స్పష్టంగా చెబుతాడు. ఒక మానవ స్త్రీకి జ్యూస్ వల్ల పుట్టిన వీరుడు హెరాక్లీస్ మీద కోపంతో, సాక్షాత్తూ దేవతల రాణి. అంటే వికృత జీవి దేవుళ్ళకు శత్రువు కానక్కర్లేదు, ఒక దేవత చేతిలో ఆయుధం కావచ్చు. హెరాక్లీస్ హైడ్రాను, సింహాన్ని, ఆర్థస్‌ను చంపాడు. మెడూసా మనవడైన మూడు తలల గెర్యోన్‌ను కూడా చంపాడు. కానీ సెర్బెరస్‌ను చంపలేదు, పైకి తీసుకొచ్చి చూపించి మళ్ళీ కింద వదిలిపెట్టి వచ్చాడు. ఎందుకంటే సెర్బెరస్‌కు ఉద్యోగం ఉంది. లోపలికి వచ్చేవాళ్ళను తోకాడిస్తూ రానిస్తాడు, బయటికి పోబోయేవాళ్ళను తినేస్తాడు. మెడూసా కొడుకు పెగాసస్‌కూ ఉద్యోగం దొరికింది, జ్యూస్ ఇంట్లో ఉరుములు, మెరుపులు మోస్తాడు. జ్యూస్ ఏర్పాటులో చోటు దొరికినవాళ్ళు బతికారు, దొరకనివి వీరుల చేతిలో పోయాయి.

టైఫోన్ సంగతి విడిగా చెప్పాలి, మీ మూడో ప్రశ్నకు మూలం అదే. టైటాన్లు ఓడాక గయా, ఆ పాతాళానికే దైవరూపమైన టార్టరస్‌తో కూడి ఆఖరి సంతానంగా అతన్ని కంది. భుజాల మీద వంద పాము తలలు. హెసియోడ్ ఆ తలల గొంతుల గురించి రాసిన పాదాలంటే నాకు చాలా ఇష్టం: ఒకసారి దేవుళ్ళకు మాత్రమే అర్థమయ్యే మాట, ఒకసారి ఎద్దు రంకె, ఒకసారి సింహం గర్జన, ఒకసారి కుక్కపిల్లల కూతలు, ఒకసారి కొండలు మారుమోగే ఈల. వికృతమంటే ఇది. ఏ గొంతూ నిలకడగా తనది కాదు, అన్ని హద్దులూ కలిసిపోయాయి. జ్యూస్ పిడుగుతో ఆ తలలన్నీ కాల్చి టార్టరస్‌లోకి విసిరాడు. సముద్రం మీద ఓడలను ముంచే తడి గాలులు అతని నుంచే వస్తాయట.

తర్వాతి కాలంలో, క్రీ.శ. 1-2 శతాబ్దాల నాటిదని భావించే, అపొలోడోరస్ పేరుతో చలామణీలో ఉన్న సంకలనంలో ఈ యుద్ధం ఇంత సులువుగా ముగియదు. టైఫోన్ జ్యూస్ చేతిలోని కొడవలి లాక్కుని అతని కాళ్ళూ చేతుల నరాలు కోసి, సిలీషియాలోని గుహలో ఎలుగుబంటి తోలులో చుట్టి దాస్తాడు. హెర్మెస్, ఈగిపాన్ అనే దేవుళ్ళు వాటిని దొంగిలించి తెచ్చి మళ్ళీ అమర్చాక గానీ జ్యూస్ లేవలేదు. ఆఖరికి సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం టైఫోన్ మీద పడుతుంది. ఈ కథ పూర్తిగా గ్రీకుది కాకపోవచ్చు. సిలీషియా ఇప్పటి టర్కీ దక్షిణ తీరం. అదే దేశంలో, ఒకప్పటి హిట్టైట్ రాజ్యపు రాజధాని హట్టుసాలో తవ్వకాల్లో దొరికిన హిట్టైట్ మట్టి పలకల్లో ఇల్లుయంకా అనే పాము తుఫాను దేవుడిని ఓడించి అతని గుండె, కళ్ళు లాక్కుంటుంది. ఆ పలకల్లోనే కుమార్బి ఆకాశ దేవుడైన అనును పదవి నుంచి దింపి అతని మర్మాంగాన్ని కొరికేస్తాడు. హెసియోడ్ కంటే ఐదారు వందల ఏళ్ళ ముందటివి అవి. ఈ పోలికలు యాదృచ్ఛికం అనుకోవడానికి వీల్లేదు, ఆసియా మైనరు తీరం మీదుగా కథలు పడమరకు నడిచాయి. హెసియోడ్ తండ్రి కూడా ఆ తీరంలోని కైమీ పట్నం నుంచి వలస వచ్చినవాడే.

గిగాంట్ల యుద్ధం పూర్తి కథ కూడా అపొలోడోరస్ దగ్గరే దొరుకుతుంది. టైటాన్లను బంధించారన్న కోపంతో గయా గిగాంట్లను యుద్ధానికి కంటుంది. ఒక మానవుడు సాయపడితే తప్ప దేవుళ్ళు వాళ్ళను చంపలేరని దైవవాణి. కాబట్టి జ్యూస్ హెరాక్లీస్‌ను పిలిపించాడు. మనిషి చేతిలోనూ చావు లేకుండా ఒక మూలిక ఉందని గయా వెతకడం మొదలుపెట్టగానే, సూర్యచంద్రులను, ఉషస్సును ఉదయించవద్దని చెప్పి జ్యూస్ చీకట్లో ముందే పోయి ఆ మూలిక కోసేశాడు. అల్కియోనియస్ అనేవాడు పుట్టిన నేల మీద ఉన్నంతసేపూ చావడు, హెరాక్లీస్ అతన్ని ఆ నేల పాలీనీ పొలిమేర దాటించి ఈడ్చాడు. పోసైడన్ కోస్ ద్వీపం నుంచి ఒక ముక్క విరిచి పోలిబోటెస్ మీద పడేశాడు, అదే నిసిరోస్ ద్వీపం. అది నిజంగానే అగ్నిపర్వత ద్వీపం, ఇప్పటికీ దాని బిలంలోంచి గంధకపు పొగలు వస్తుంటాయి. పారిపోతున్న ఎన్సెలాడస్ మీద ఎథీనా సిసిలీనే విసిరింది.

సైక్లోప్స్ విషయంలో గందరగోళానికి కారణం, ఆ పేరుతో వేరువేరు జట్లుండటం. హెసియోడ్ చెప్పిన ముగ్గురు కమ్మరులు ఒకటి. టిరిన్స్, మైసీని కోటగోడలు కట్టినవాళ్ళు ఇంకొకటి, టిరిన్స్ గోడల్లో అతి చిన్న రాయిని కూడా కంచరగాడిదల జత కదిలించలేదంటాడు పౌసానియాస్. మూడోది హోమర్ చెప్పిన గొర్రెల కాపరులు, పాలిఫీమస్ వాళ్ళవాడు. అతను పోసైడన్ కొడుకు, తల్లి ఫోర్కిస్ కూతురు. ఒడిస్సీ తొమ్మిదో సర్గలో అతని గుహ చాలా పొందికగా ఉంటుంది. ముందు పుట్టిన గొర్రెపిల్లలు ఒక దొడ్లో, నడిమివి ఒక దొడ్లో, కొత్తగా పుట్టినవి ఇంకో దొడ్లో. పాలు పితికి సగం తోడుపెట్టి జున్ను చేస్తాడు, సగం తాగడానికి ఉంచుకుంటాడు. పనిమంతుడే. తప్పల్లా ఎక్కడంటే, వాళ్ళకు సభ లేదు, చట్టం లేదు, ఎవడి పెళ్ళాం పిల్లలకు వాడే న్యాయం, పక్కవాడి సంగతి పట్టదు. ఇంటికొచ్చిన అతిథికి అన్నం పెట్టాల్సింది పోయి అతిథినే తిన్నాడు. అతిథిగా వచ్చిన వీరుడు ఒడిస్సియస్ ఆ ఒక్క కన్నూ పొడిచేశాక, తనకు ఇష్టమైన పొట్టేలును నిమురుతూ, రోజూ ముందుండేవాడివి ఇవాళ వెనకపడ్డావేం, నీ యజమాని కన్ను పోయిందని బాధా అని అడుగుతాడు. ఆ పొట్టేలు కడుపు కిందే ఒడిస్సియస్ వేలాడుతున్నాడు. హోమర్ రాక్షసుడిని కూడా మనసున్నవాడిగానే చూపించాడు.

అదే ఒడిస్సీలో ఎదురు ఉదాహరణ ఉంది. ఒడిస్సియస్‌ను ఆదరించి, కానుకలిచ్చి, ఓడ ఎక్కించి ఇంటికి పంపిన అల్కినోస్ రాజు నాయనమ్మ పెరిబోయా. ఆమె గిగాంట్ల రాజు యూరిమెడోన్ కూతురు. గిగాంట్ల రక్తమే ఉన్నా అతిథి ధర్మం పాటించాడు కాబట్టి అల్కినోస్ మంచి రాజు.

ఇక నిజంగా భారీ ఆకారం కావాలంటే ఓటస్, ఎఫియాల్టెస్ అనే కవలలున్నారు. తొమ్మిదేళ్ళకే తొమ్మిది మూరల వెడల్పు, తొమ్మిది నిలువుల ఎత్తు. ఒలింపస్ మీద ఒస్సా కొండ, దాని మీద పెలియోన్ కొండ పేర్చి ఆకాశం ఎక్కుదామనుకున్నారు. యుద్ధ దేవుడు ఏరీస్‌ను పదమూడు నెలలు కంచు జాడీలో కట్టిపడేశారు. వీళ్ళు గిగాంట్లు కాదు, ఒక మానవ స్త్రీకీ పోసైడన్‌కూ పుట్టినవాళ్ళు.

ఇప్పుడు గయా ఎవరి పక్షం? నా జవాబు: ఆవిడ ఏ రాజు పక్షమూ కాదు, లోపల అణచివేతకు గురైన పిల్లల పక్షం. ఉరానోస్ పిల్లలను నెట్టేస్తే అతని మీదికి కొడవలి ఇచ్చింది. క్రోనోస్ మింగేస్తే జ్యూస్‌ను దాచింది. వంద చేతులవాళ్ళు కట్లలో ఉంటే విడిపించమంది. జ్యూస్ టైటాన్లను లోపల వేస్తే అతని మీదికి గిగాంట్లను, వాళ్ళు ఓడాక టైఫోన్‌ను కందని తర్వాతి కథకుడు కారణం చెప్పాడు. టైఫోన్‌ను ఎందుకు కందో హెసియోడ్ చెప్పడు, కానీ ఆ యుద్ధం ముగిశాక దేవుళ్ళందరికీ జ్యూస్‌నే రాజు చేసుకోమని చెప్పింది గయాయే అంటాడు. వెంటనే జ్యూస్ గౌరవాలు పంచుతాడు. ఇలియడ్‌లో పోసైడన్ ఆ పంపకాల గురించి చెబుతూ, చీట్లు వేస్తే నాకు సముద్రం, హేడీస్‌కు చీకటి లోకం, జ్యూస్‌కు ఆకాశం వచ్చాయి, భూమి మాత్రం అందరికీ ఉమ్మడి అంటాడు. గయాను ఎవరూ సొంతం చేసుకోలేదు.

తాత, తండ్రి చేసిన తప్పు జ్యూస్ చేయలేదా అంటే, చేశాడు, ఇంకో రకంగా. మొదటి భార్య మెటిస్‌కు ముందు కూతురు, తర్వాత తనను మించే కొడుకు పుడతాడని గయా, ఉరానోస్‌లు హెచ్చరించారు. పిల్లలను మింగకుండా, గర్భంతో ఉన్న మెటిస్‌నే మింగాడు. ఎథీనా అతని తలలోంచి పుట్టింది, కొడుకు పుట్టనే లేదు. తరాల తిరుగుబాటు అక్కడ ఆగింది.

వీళ్ళు మన అసురుల్లాంటివాళ్ళేనా అని కూడా అడిగారు. దితి, అదితి అక్కచెల్లెళ్ళ పిల్లలే దైత్యులు, ఆదిత్యులు కాబట్టి దాయాదుల పోరు అన్నంతవరకు పోలిక సరే. భూదేవి కొడుకైన నరకాసురుడి కథ గిగాంట్లకు ఇంకా దగ్గర. కానీ మన అసురుడు తపస్సు చేసి వరం సంపాదిస్తాడు, ఆ వరంలోని సందు చూసి దేవుడు చంపుతాడు. గ్రీకు గిగాంట్లకు తపస్సు అనేదే లేదు. వాళ్ళ బలమంతా తల్లి నేలదే.

ఈ బంధం కళ్ళారా చూడాలంటే పెర్గమోన్ బలిపీఠం శిల్పాల ఫొటోలు వెతకండి. ఇప్పటి టర్కీలో క్రీ.పూ. 2వ శతాబ్దంలో కట్టింది, 1878 నుంచి తవ్వి తీసిన శిల్పాలు బెర్లిన్‌లో ఉన్నాయి. గిగాంట్ల యుద్ధం నూట పదమూడు మీటర్ల పొడవున సాగుతుంది. తూర్పు వైపు ఎథీనా రెక్కలున్న ఒక యువ గిగాంట్ జుట్టు పట్టి నేల నుంచి ఎత్తేస్తోంది. అల్కియోనియస్ అని గుర్తిస్తారు. ఎథీనా పాము అతని ఛాతీని కరుస్తోంది, నోరు తెరుచుకుని, కళ్ళు పైకి తిరిగిపోయి ఉన్నాయి. వాళ్ళ కాళ్ళ దగ్గర నేలలోంచి నడుము దాకా పైకి వచ్చిన గయా, జుట్టు విరబోసుకుని, ఎథీనా వైపు తలెత్తి కొడుకును వదలమని వేడుకుంటోంది. పక్కనే ఆమె పేరు చెక్కి ఉంది. విజయదేవత ఆవిడను పట్టించుకోకుండా ఎథీనా తలకు కిరీటం పెట్టడానికి ఎగిరి వస్తోంది. గెలిచిన రాజు కట్టించిన స్మారకంలో ఓడినవాళ్ళ తల్లికి ఇంత చోటిచ్చిన శిల్పి మీద నాకు చాలా గౌరవం.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు కదా. ముందు థియోగొనీ చదవండి, ఒక సాయంత్రం చాలు. పక్కన పెద్ద కాగితం పెట్టుకుని గయా పేరు మధ్యలో రాసి, ఉరానోస్ శాఖ ఒకవైపు, పోంటస్ శాఖ ఇంకోవైపు, టార్టరస్‌తో టైఫోన్ కింద, ఇలా వంశవృక్షం మీరే గీసుకోండి. తర్వాత ఒడిస్సీ తొమ్మిది నుంచి పన్నెండు సర్గలు. అపొలోడోరస్‌ను కథ కోసం కాకుండా, ఎవరు ఎవరో వెతుక్కోవడానికి పక్కన ఉంచుకోండి. ఓవిడ్‌ను ఆఖరికి చదవండి. ముందే చదివితే ఆయన అందమైన మార్పులే అసలు కథలని మనసులో నాటుకుపోతాయి. ఏ పేరు దగ్గరైనా కొత్త సందేహం వస్తే, అది ఏ కవి దగ్గర చదివారో కూడా కలిపి అడగండి, జవాబు చాలాసార్లు దాన్ని బట్టే మారుతుంది.